ఉప్పునీళ్ల దీవులు, ఒప్పందపు కూలీలు

మొన్న ఒక ఊళ్లో కూలీల సమావేశంలో మేము తువాలు దేశం సంగతి ఎత్తాం. వెనక వరసలోంచి ఒక పెద్దమ్మ లేచి నిలబడింది. "మన గూడెంలో బోరింగు ఎండి మూడు నెల్లయింది. ఎక్కడో సముద్రంలో దీవి మునిగితే మనకేంది నాయినా?" అని అడిగింది. మీటింగులో నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు. అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఆ రోజు మేం చెప్పిన జవాబు మాకే సరిగా తోచలేదు. అందుకే ఈ సంపాదకీయం. ఆమెకు చదువు రాదు. ఊళ్లో ఎవరైనా చదివి వినిపించండి.

తువాలు పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. తొమ్మిది దీవులు. అన్నీ కలిపినా భూమి 26 చదరపు కిలోమీటర్లే. ఎకరాల్లో చెప్పుకుంటే ఆరున్నర వేలకు లోపు, మన దగ్గర ఒక పెద్ద రెవెన్యూ గ్రామమంత. జనం సుమారు పదకొండు వేలు. అన్నీ పగడపు దిబ్బలు. గుట్ట లేదు, వాగు లేదు. నేల సముద్రం మీదికి లేచింది సగటున రెండు మీటర్లు. చెయ్యెత్తి నిలబడ్డ మనిషంత ఎత్తు కూడా లేదు. కొన్నిచోట్ల దిబ్బ ఎంత సన్నగా ఉంటుందంటే, రోడ్డుకు ఈ పక్కా సముద్రమే, ఆ పక్కా సముద్రమే. అలాంటిదే పొరుగున కిరిబాతి. 33 దీవులు, లక్షా ఇరవై వేల చిల్లర జనం. వాళ్లలో సగానికి పైగా దక్షిణ తరావా అనే ఒక్క సన్నటి చీలిక మీద కిక్కిరిసి బతుకుతున్నారు. ఇంకా మార్షల్ దీవులు, వనువాటు, తోంగా, సమోవా, ఫిజీ. పేర్లు మనకు కొత్త. బతుకులు కొత్తవి కావు. కిరిబాతిలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొబ్బరి చెట్టెక్కి కల్లు గీస్తారు. పులియని తీపి కల్లు పిల్లలకు పోస్తారు. చెట్టెక్కేవాడి బతుకు ఏందో మన గౌండ్ల అన్నలకు చెప్పనక్కర్లేదు.

ఆ దేశాల వాళ్లు కాల్చిన బొగ్గెంత? తోలిన కార్లెన్ని? ప్రపంచం వదిలే పొగలో వాళ్ల వాటా నూటికి ఒకపాలు కాదు గదా, ఆ ఒకపాలులో చిన్న తునక కూడా కాదు. కానీ 2023లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా లెక్క చెప్పింది: తువాలు దగ్గర సముద్రం ముప్ఫై ఏళ్ల కింద ఉన్నదానికంటే దాదాపు 15 సెంటీమీటర్లు పైకొచ్చింది. 2050 నాటికి అక్కడి నేల చాలామటుకు నేటి పోటునీటి మట్టానికి దిగువకు పోతుందట.

దీనికి ఎదురువాదన ఒకటుంది, దాన్ని దాచం. ఆక్లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ఒక లెక్క అచ్చేశారు. 1971 నుంచి 2014 దాకా చూస్తే తువాలు భూమి తగ్గలేదు, మొత్తం మీద 2.9 శాతం పెరిగింది. అలలు పగడపు పొడిని తెచ్చి ఒడ్డున పోస్తాయి గాబట్టి కొన్ని దీవులు పెరిగాయి. ఇది పట్టుకుని కొందరు పెద్దమనుషులు "చూశారా, మునగడమంతా వట్టి అబద్ధం" అన్నారు. ఇసుక పెరిగితే తిండి పెరుగుతుందా? మన పెద్దమ్మ అడిగిన బోరింగు ముచ్చట ఇక్కడే వస్తుంది. ఆ దిబ్బల కింద వాననీరు పలచని పొరగా నిలుస్తుంది. పోటు పొంగితే, తుపాను వస్తే, ఆ పొరలోకి ఉప్పు దిగుతుంది. మన చేమదుంప జాతిదే ఒక దుంపను అక్కడ 'పులక' అంటారు. గుంతలు తవ్వి, ఆకులు కుళ్లబెట్టి, తాతల నాటి నుంచి పండిస్తున్నారు. గుంతలోకి ఉప్పునీరొస్తే దుంప కుళ్లిపోతుంది. మళ్లీ అది పండటానికి ఏళ్లు పడుతుంది. 2011లో ఆరు నెలలు సరైన వాన లేక తువాలులో ఎమర్జెన్సీ పెట్టారు. ఇంటికి రోజుకు ఇన్ని బిందెలని కొలిచి పోశారు. చుట్టూ ప్రపంచంలో ఎక్కడా లేనంత నీళ్లు, తాగడానికి చుక్క లేదు. ఊరు మునగడానికి చాలా ముందే ఊళ్లో బతకలేని రోజు వస్తుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? పాలమూరు మనిషి ఏం చేశాడు? అనంతపురం మనిషి ఏం చేశాడు? మూట కట్టుకుని పనికి పోయాడు.

ఎక్కడికి పోతారు వీళ్లు? ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు. అక్కడి తోటల్లో ఆపిళ్లు, కివీపండ్లు, ద్రాక్ష కోయడానికి, కూరగాయలు తియ్యడానికి, మాంసం కోసే ఫ్యాక్టరీల్లో కత్తి పట్టడానికి. న్యూజిలాండు 2007లో ఈ సీజను కూలీ పథకం పెట్టింది. ఆస్ట్రేలియా 2008లో చిన్నగా మొదలుపెట్టి, 2012లో పెంచి, 2022లో అన్నీ కలిపి 'పామ్' అని పేరు పెట్టింది. పెద్దల మాటల్లో ఇది ఇరుపక్షాలకూ లాభం. తోట యజమానికి కూలీ దొరుకుతాడు, దీవికి డబ్బొస్తుంది.

ఆ తోటల సంగతి చెప్పేముందు కొంచెం వెనక్కి పోవాలి. కిరిబాతిలో బనాబా అనే దీవి ఉంది. మిగతా వాటిలాగ దిబ్బ కాదు, 80 మీటర్ల ఎత్తున్న రాతి నేల. అలలు లేచినా తలెత్తుకు నిలబడగల దీవి అదొక్కటే. 1900లో ఆ రాళ్లల్లో ఫాస్ఫేటు ఉందని తెల్లవాళ్లు కనిపెట్టారు. ఎరువుకు పనికొచ్చే ఖనిజం. ఇంక ఆగుతారా? 1979 దాకా తవ్వారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండు ప్రభుత్వాలు మూడూ కలిసి ఒక సంస్థ పెట్టి మరీ తవ్వుకుపోయాయి. దీవి పైనేల నూటికి తొంభై పాళ్లు గీకేశారు. 1945 డిసెంబరులో, యుద్ధంలో జపాను సైన్యం చెదరగొట్టిన బనాబా జనాన్ని ఏరి తెచ్చి, ఊరికి చేర్చకుండా, ఫిజీలోని రాబీ అనే దీవిలో దించారు. అది తుపాన్ల కాలం. ఇళ్లు లేవు, గుడారాలు ఇచ్చారు. ఆ జనం లండను కోర్టుకెళ్లి ఏళ్ల తరబడి కొట్లాడారు. 1976లో తీర్పొచ్చింది. ప్రభుత్వం నమ్మకద్రోహం చేసిందన్న వాళ్ల ప్రధాన వాదం చెల్లదన్నారు. పక్కనున్న నౌరూ దేశానిదీ ఇదే కథ. వాళ్లు ఆస్ట్రేలియాను అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడిస్తే, 1993లో ఆస్ట్రేలియా బయట రాజీపడి 10 కోట్ల 70 లక్షల డాలర్లు ఒప్పుకుంది.

ఆ ఎరువు ఎక్కడ చల్లారు? ఆస్ట్రేలియా, న్యూజిలాండు చేలల్లో. దీవి మట్టి ఓడల్లో పోయి వాళ్ల నేలను బలిపించింది. ఇప్పుడు అదే దేశాలకు దీవి మనవళ్లు కూలికి పోతున్నారు. మట్టి పోయినప్పుడు వీసా అడగలేదు. సీజను కూలికి పోయే మనిషికి మాత్రం తొమ్మిది నెలలకు ఒక్కరోజు మించరాదు.

ఇంకా వెనక్కి పోదాం. 1863 నుంచి 1904 దాకా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండుకు చెరకు తోటల్లో పనికి పసిఫిక్ దీవుల నుంచి 62 వేల మంది దాకా తెచ్చారు. ఎక్కువమంది నేటి వనువాటు, సొలొమన్ దీవుల వాళ్లు. కొందరు ఇష్టపడి ఎక్కారు. చాలామందిని మోసం చేసి, బలవంతంగా ఓడెక్కించారు. దానికి 'బ్లాక్‌బర్డింగ్' అని పేరు, అంటే నల్లపిట్టల వేట. వాళ్ల లెక్కలో మనిషి పిట్ట. వచ్చినవాళ్లు జబ్బులతో కుప్పలుగా చచ్చారు. చచ్చినవాళ్ల కూలి ఇంటికి పోవాల్సింది. చాలామటుకు పోలేదు, ప్రభుత్వం దగ్గరే నిలిచింది. 1901లో ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏర్పడగానే చేసిన తొలి చట్టాల్లో ఒకటి ఏదంటే, ఈ దీవి కూలీలను వెళ్లగొట్టే చట్టం. తెల్ల దేశం కావాలనుకున్నారు. అడవి కొట్టి, చెరకు నాటి, కండ కరిగించినవాళ్లను వేలల్లో ఓడలెక్కించి తోలేశారు. ఆ ఖర్చుకు చచ్చిపోయిన కూలీల సొమ్ము కూడా వాడారు. మనకు ఇలాంటి లెక్కలు తెలుసు. వెట్టి చేసినవాడే చివరికి దొరకు బాకీ పడతాడు.

ఇదే సమయంలో ఫిజీకి మనవాళ్లు పోయారు. 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి అరవై వేల మందికి పైగా. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఎక్కించారు. విశాఖ, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు ఆ ఓడల్లో ఉన్నారు. అయిదేళ్ల 'అగ్రిమెంటు'. పలకలేక దాన్నే 'గిర్మిట్' అన్నారు. కరువు తరిమింది, అప్పు తరిమింది, కులం తరిమింది. బొటనవేలు ముద్ర వేసినవాడికి కాగితంలో ఏముందో తెలియదు. చెరకు తోటలో పని తప్పితే కోర్టు, జైలు. పని మానేసినందుకు జైలేంది అని అడగొద్దు, గిర్మిట్ అంటే అదే. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలు రద్దు చేశారు. ఫిజీలో ఈ రోజుకీ తెలుగు సంఘం ఉంది. అందుకే శీర్షిక పెట్టేటప్పుడు మేం ఒప్పందం అన్న మాట వదల్లేకపోయాం. పసిఫిక్ దీవులు మనకు పరాయివి కావు పెద్దమ్మా. మన చుట్టాలు అక్కడ ఉన్నారు.

ఇప్పటి పథకం పాత బ్లాక్‌బర్డింగు లాంటిదేనని మేం అనం. అలా అంటే అబద్ధమవుతుంది. ఇవాళ పోయేవాళ్లు ఇష్టపడి పోతున్నారు, వరసలో నిలబడి పోతున్నారు. ఆస్ట్రేలియాలో 2025 జులైలో కనీస కూలి గంటకు 24 డాలర్ల 95 సెంట్లు అయింది. వనువాటులో గంటకు అంత రావడం కష్టం. ఆ డబ్బుతో ఇళ్లు కడుతున్నారు, పిల్లల ఫీజులు కడుతున్నారు, తుపానుకు లేచిపోయిన రేకులు మళ్లీ వేసుకుంటున్నారు. 2023 మార్చిలో వనువాటును వారం తిరక్కుండా రెండు తుపానులు కొట్టాయి. అప్పుడు సర్కారు సాయంకంటే ముందు తోటల్లోని కొడుకుల డబ్బు చేరిన ఇళ్లు ఎన్నో. తోంగా దేశపు ఆదాయంలో మూడో వంతుకు పైగా బయటి నుంచి పంపే డబ్బే. ఈ మంచిని కాదనేవాడు కూలిపని ఎన్నడూ చేసి ఉండడు.

కానీ ముడి ఎక్కడుందో చూడాలి. వీసా కూలీ పేరు మీద ఉన్నా ప్రాణం యజమాని చేతిలో ఉంది. ఏ యజమాని పేరు మీద పోయాడో ఆయన దగ్గరే చెయ్యాలి. పని లేకపోయినా, తిట్టినా, తనంతట తాను ఇంకో తోటకు పోరాదు, సర్కారు ఒప్పుకుని మార్చాలి. తట్టుకోలేక బయటికొస్తే ఆయనను కాగితాల్లో 'డిసెంగేజ్డ్' అని రాస్తారు. మన కరీంనగర్, నిజామాబాద్ అన్నలకు ఈ ముచ్చట అనువదించి చెప్పనక్కర్లేదు. కఫీల్ దగ్గర్నుంచి పారిపోయినవాణ్ని గల్ఫ్‌లో ఏమంటారు? ఖల్లివెల్లి. అదే ఇది. ఎడారిలో అయినా ఆపిల్ తోటలో అయినా ఖల్లివెల్లి ఖల్లివెల్లే. కాగితం పోతుంది, డాక్టరు దగ్గరికి పోవాలంటే భయం, సగం కూలికి ఎవడు పిలిస్తే వాడి దగ్గరికి పోవాలి.

తర్వాత కోతలు. విమానం టిక్కెట్టు మొదట యజమాని కొంటాడు, వారం వారం కూలీలోంచి పట్టుకుంటాడు. మన గుంపు మేస్త్రి అడ్వాన్సు లాగన్నమాట. ఇంటి అద్దె పట్టుకుంటారు, వ్యాను కిరాయి పట్టుకుంటారు, ఇన్సూరెన్సు పట్టుకుంటారు. అద్దె ఇంటికి కాదు, మంచానికి. ఒక గదిలో ఆరు మంచాలు వేస్తే ఆరు అద్దెలు. వాన పడి తోటలో పని లేని వారం కూలి ఆగుతుంది, అద్దె ఆగదు. 2022 ఫిబ్రవరిలో పసిఫిక్ కూలీలే ఆస్ట్రేలియా సెనేటు కమిటీ ముందుకొచ్చి ఈ కోతలు చెప్పుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో న్యూజిలాండు మానవ హక్కుల కమిషన్ తమ దేశపు పథకాన్ని తరచి చూసి, ఇరుకు గదులూ, కోతలూ, నోరెత్తితే వచ్చే ఏడాది పిలవరన్న భయమూ ఉన్నాయని రాసింది. ఆస్ట్రేలియా 2023లో ఒక నిబంధన పెట్టింది, అన్ని కోతలూ పోను వారానికి కనీసం 200 డాలర్లు కూలీ చేతికి రావాలని. నిబంధన మంచిదే. అయితే అది పెట్టాల్సి వచ్చిందంటే అంతకు ముందు చేతికేం వచ్చేదో మీరే లెక్కగట్టండి. ఎనిమిది గంటల పనికి ఒక్కరోజులో వచ్చే కూలి అది.

వచ్చే ఏడాది పిలవరన్న భయం అన్నాం. అది చిన్న విషయం కాదు. ఈ పథకాలకు అసలు ములుకు అదే. దెబ్బ లేదు, గొలుసు లేదు. జాబితాలో పేరు రాయకపోతే చాలు. ఒక్క మనిషిదే కాదు, కొన్నిసార్లు గొడవ చేసిన ఊరిదంతా పేరు పోతుందన్న భయం. అందుకే సంఘంలో చేరరు. చేరమన్నా "వచ్చే సీజను తర్వాత చూద్దాం" అంటారు. మన ఇటుక బట్టీల దగ్గర ఎన్నిసార్లు వినలేదు ఈ మాట?

ఇంట్లో సంగతి ఎవరూ రాయరు. భర్త తొమ్మిది నెలలు లేడు, మూడు నెలలు ఉన్నాడు, మళ్లీ పోయాడు. దుంపల గుంత, వంట, ముసలివాళ్లు, తుపానొస్తే పిల్లలను తీసుకుని గుడిలోకో బడిలోకో పరుగు, అన్నీ ఆడమనిషివే. ఆమె పనికి గంటకు ఎన్ని డాలర్లు? ఏ లెక్కలోనూ లేదు. కుటుంబాన్ని వెంట తెచ్చుకోనివ్వండి అని ఏళ్లుగా అడిగితే ఆస్ట్రేలియా చివరికి 200 కుటుంబాలకు ప్రయోగం అంది. పనిచేసేవాళ్లు ముప్ఫై వేలకు అటూ ఇటూ. సమోవా ప్రధానిగా ఉన్నప్పుడు ఫియామే నవోమి మతాఫా, మా ఉపాధ్యాయులు, మా నర్సులు, మా పోలీసులు కూడా పండ్లు కోయడానికి పోతుంటే దేశం ఎలా నడపాలి అని మొరపెట్టుకుంది. 2023లో ఆ దేశం కొంతకాలం కూలీలను పంపడం ఆపి ఆలోచించింది. బడి పంతులు కంటే పండ్లు కోసేవాడికి ఎక్కువ వస్తే తప్పు పంతులుదా?

కిరిబాతి ఓడ కూలీల కథ కూడా చెప్పాలి. బేతియోలో 1967 నుంచి ఒక నావికుల బడి ఉంది. అక్కడ నేర్చినవాళ్లు జర్మనీ కంపెనీల సరుకు ఓడల్లో పనిచేసేవాళ్లు. వందల ఇళ్లకు అదే కూడు. 2020లో కరోనా వచ్చింది. దీవిలో ఆసుపత్రి అంతంతమాత్రం గాబట్టి ప్రభుత్వం సరిహద్దు గట్టిగా మూసేసింది. ఓడ దిగిన నావికులు ఇంటికి రాలేక ఫిజీలో, జర్మనీలోని హాంబర్గులో నెలల తరబడి, కొందరు ఏడాది దాటి ఇరుక్కుపోయారు. ఇంటి దగ్గర పుట్టిన బిడ్డను చూడలేదు, చచ్చిన తండ్రిని చూడలేదు. ఇక కిరిబాతి వాళ్లను తీసుకోవడమే కుదరదని కంపెనీలు మానేశాయి. మన దగ్గర అదే ఏడాది రోడ్డు వెంట నడిచిన కాళ్లు గుర్తున్నాయి గదా. వాళ్లకు నడవడానికి రోడ్డు కూడా లేదు.

మరి చట్టం ఏమంటుంది? కిరిబాతి మనిషి ఒకాయన 2007లో న్యూజిలాండు పోయి తోటపని చేశాడు. వీసా అయిపోయాక, "మా దీవిలో నీళ్లు ఉప్పయినయి, భూమికి కొట్లాటలు, నా పిల్లలు బతకలేరు, నన్ను శరణార్థిగా చూడండి" అన్నాడు. కోర్టులు ఒప్పుకోలేదు. శరణార్థి అంటే మనిషి తరిమితే పారిపోయినవాడు, సముద్రం తరిమితే కాదు అన్నారు. 2015లో ఇంటికి పంపేశారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి పోయాడు. 2020 జనవరిలో వాళ్ల నిర్ణయం బయటికొచ్చింది. ఆయన ఓడిపోయాడు, ప్రమాదం ఇంకా అంత దగ్గర్లో లేదన్నారు. కానీ ఒక మాట రాశారు: వాతావరణం దెబ్బకు ప్రాణానికి ముప్పున్నచోటికి మనిషిని తిప్పిపంపడం ఏదో ఒకనాడు జీవించే హక్కుకు భంగం కావచ్చు. ఓడిన కూలీ తర్వాతివాళ్లకు ఒక వాకిలి తెరిచిపోయాడు. వాకిలి సగమే తెరుచుకుంది.

తువాలుకు ఇంకో వాకిలి దొరికింది. 2023 నవంబరులో ఆస్ట్రేలియాతో ఒప్పందం కుదిరింది, 2024 ఆగస్టు 28 నుంచి అమల్లోకి వచ్చింది. పేరు ఫలేపిలి. వాళ్ల భాషలో ఇరుగుపొరుగుతనం. ఏటా 280 మందికి ఆస్ట్రేలియాలో స్థిరంగా ఉండే హక్కు. యజమాని పిలవక్కర్లేదు, ఏ పనైనా చేసుకోవచ్చు, చదువుకోవచ్చు, కావాలంటే తిరిగి రావచ్చు. ఇది పెద్ద మాట, మేం మెచ్చుకుంటున్నాం. కఫీల్ లేని వీసా ఎలా ఉంటుందో ఇక్కడ కనబడింది. ఒకరికి ఇవ్వగలిగినప్పుడు అందరికీ ఎందుకివ్వరు? ఈ ఒప్పందంలోనే ఇంకో షరతు ఉంది. తువాలు రక్షణ, భద్రత విషయాల్లో వేరే దేశంతో చేతులు కలపాలంటే ఆస్ట్రేలియా ఒప్పుకోవాలి. మునిగేవాడికి చెయ్యిచ్చి, ఆ చేతికున్న ఉంగరం కూడా అడిగినట్టు. పేర్లు లాటరీ తీసి ఎంచుతారు. 2025 జూన్, జులైలో మొదటి లాటరీకి కుటుంబాలతో కలిపి 8,750 మంది పేర్లు పడ్డాయి. పదకొండు వేలల్లో! ఇంత మంది పోదామనుకుంటున్నారని ఆశ్చర్యపోకండి. పేరు వేసినవాళ్లంతా పోవాలనుకోవడం లేదు. అవసరమైన రోజు దారి ఉండాలనుకుంటున్నారు.

కిరిబాతి 2014లో ఫిజీలోని వనువా లేవు దీవిలో 20 చదరపు కిలోమీటర్ల భూమి కొన్నది. అప్పటి అధ్యక్షుడు అనోతే తోంగ్ 'గౌరవంతో వలస' అనేవాడు, వానికి శరణార్థి అన్న మాటంటేనే ఒళ్లుమంట. తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ వలస మాట పక్కనబెట్టింది. ఆ కొన్న భూమి ఖాళీ భూమి కాదు. అక్కడ ఒక ఊరుంది. సొలొమన్ దీవుల నుంచి ఒకప్పుడు తోటపనికి తెచ్చిన కూలీల మనవళ్లు మునిమనవళ్లు అక్కడ దున్నుకు బతుకుతున్నారు. చర్చి భూమిలో ఉన్నారు, పట్టా లేదు. ఒక నిర్వాసితుడికి చోటు చూపించడానికి ఇంకో నిర్వాసితుడి చోటే దొరికింది. భూమి ఎన్ని చేతులు మారినా దున్నేవాడి పేరు కాగితంలోకి రాకపోవడం, ఇదేమి రోగమో ప్రపంచమంతా ఒకేలా ఉంది.

మునిగే దీవి గదా అని దీవిలోని దొరలను కూడా వెనకేసుకు రానక్కర్లేదు. మాల్దీవులు చూడండి. 2009లో ఆ దేశపు మంత్రులు సముద్రం అడుగున కూచుని సమావేశం పెట్టి ప్రపంచానికి గోడు చెప్పుకున్నారు. గోడు నిజమే. కానీ అక్కడ కట్టడాలు కట్టేది, హోటళ్లు ఊడ్చేది బంగ్లాదేశ్ వాళ్లు, మన దేశం వాళ్లు. 2022 నవంబరు 10న మాలె నగరంలో కార్ల షెడ్డు మీది గదుల్లో మంటలు లేచి 10 మంది వలస కూలీలు కాలిపోయారు. వాళ్లల్లో ఎక్కువమంది మన దేశం వాళ్లే. పడుకునే గదులకు సరైన కిటికీ లేదని అప్పుడు పేపర్లు రాశాయి. దీవికి సముద్రం నుంచి రక్షణ అడిగే సర్కారు, ఆ దీవి మీదే పడుకున్న కూలీకి మంట నుంచి రక్షణ ఇవ్వాలి గదా.

ఊరికే ఏడుస్తూ కూచున్నారా అంటే, లేదు. 2019లో వనువాటులోని పసిఫిక్ విశ్వవిద్యాలయం న్యాయశాస్త్ర విద్యార్థులు 27 మంది ఒక తరగతి గదిలో మొదలుపెట్టారు: ప్రపంచ కోర్టునే అడుగుదాం, పొగ వదిలే దేశాలకు బాధ్యత ఉందా లేదా అని. పిల్లకాయల మాటను వనువాటు ప్రభుత్వం నెత్తికెత్తుకుంది. ఇల్లిల్లూ తిరిగినట్టు దేశదేశం తిరిగారు. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సభ ఎదురులేకుండా ఒప్పుకుంది. 2025 జులై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం జడ్జీలంతా ఏకమై చెప్పారు: వాతావరణాన్ని కాపాడటం దేశాల దయ కాదు, చట్టపరమైన బాధ్యత. అది తప్పితే తప్పే, నష్టపరిహారం దాకా పోవచ్చు. ఇది సలహా మాత్రమే, పోలీసుల్ని పంపి అమలు చేయించే తీర్పు కాదు. అయినా 'సాయం' అన్న మాటను 'బాకీ' అన్న మాటగా మార్చింది. సాయం అడిగేవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు, బాకీ అడిగేవాడు అరుగు మీద కూచుని అడుగుతాడు.

ఆ బాకీలో మన దేశం పద్దు కూడా ఉంది, దాచిపెట్టుకోవద్దు. క్వీన్స్‌లాండులోని కార్మైకేల్ గని మన దేశపు కంపెనీది. 2021 చివర నుంచి అక్కడి బొగ్గు ఓడలెక్కుతోంది. మన కృష్ణపట్నం రేవులో విదేశీ బొగ్గు దిగుతోంది. ఆ కరెంటు ఎవరి ఇంట్లో ఏసీ తిప్పుతుందో, ఎవరి గూడెంలో రెండు బల్బులు వెలిగిస్తుందో వేరే లెక్క. దేశం పేరు మీద పొగంతా ఒక్క ఖాతాలో రాస్తే, రెండు బల్బుల ఇంటికి కూడా పాపం పంచుతారు. దీన్ని ఒప్పుకోం. అదే సమయంలో, "మేం పేద దేశం, మమ్మల్ని అడగొద్దు" అని మన చాటున నిలబడే గనుల యజమానిని కూడా ఒప్పుకోం.

పెద్దమ్మా, 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఉప్పెన వచ్చింది. పదివేలకు పైగా జనం పోయారు. మిద్దె ఉన్నవాళ్లు మిద్దె ఎక్కారు. పల్లంలో పూరిగుడిసెల్లో ఉన్న కూలోళ్లు కొట్టుకుపోయారు. సముద్రానికి కులం తెలియదు, నిజమే. ఎవరి ఇల్లు ఎక్కడుండాలో నిర్ణయించినవాళ్లకు తెలుసు. తువాలు ఈ భూమి మీద పల్లంలో కట్టిన గుడిసె.

చివరగా కార్యకర్తలకు ఒక పని. మన ఊళ్లల్లోంచి మాల్దీవులకు, మారిషస్‌కు, గల్ఫ్‌కు పోయేవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియా తోటల్లో ఉద్యోగాలంటూ ఏజెంట్లు మన దాకా కూడా వస్తారు. పామ్ పథకం తొమ్మిది పసిఫిక్ దేశాలకు, తూర్పు తిమోరుకు మాత్రమే. మనవాళ్లకు అందులో వీసా ఉందని చెప్పేవాడు దొంగ, డబ్బు కట్టొద్దు. మిగతా ఏ దేశానికైనా ఒప్పందం కాగితం వస్తే సంతకం పెట్టేముందు సంఘం దగ్గరికి తెచ్చి తెలుగులో చదివించుకోండి. యజమానిని మార్చుకోవచ్చో లేదో చూడండి. పని లేని వారం అద్దె ఎవరిదో అడగండి. కోతలన్నీ పోను చేతికెంతో రాయించుకోండి. జబ్బు చేస్తే ఖర్చెవరిది, చచ్చిపోతే శవం తెచ్చేదెవరు, ఆ మాట కాగితంలో ఉందా లేదా చూడండి. పాసుపోర్టు ఎవరి చేతిలో ఉంటుందో ముందే తేల్చుకోండి. ఆ కాగితానికి ఒక జిరాక్సు ఇంట్లో, ఒకటి సంఘం బీరువాలో ఉంచండి.